గాలి మింగే పైపు

కరీంనగర్‌ల ఎవరన్న ఇంట్ల పెద్ద చేపల తొట్టి పెట్టించుకోవాలంటే "వాహెద్-పర్శరాములు కాడికి పోండ్రి" అని రెండు పేర్లు ఒక్కటే పేరు లెక్క చెప్తుండిరి. పద్దెనిమిదేండ్ల సంది గంతే. పర్శరాములుది సిరిసిల్ల, మరమగ్గాల ఇల్లు. చిన్ననాడు తెగిన పోగులు అతికిన చేతులు కాబట్టి అద్దం కోసినా, అంచుకు అంచు ఆనిచ్చి సిలికాన్ గీసినా వెంట్రుకంత తేడా వచ్చేది కాదు. వాహెద్‌ది కరీంనగర్‌లనే కాశ్మీర్‌గడ్డ. ఆయనది నీళ్ల పని: పైపులు, పంపులు, వాల్వులు. ఒకరు తొట్టి కడితే ఇంకొకరు దానికి పానం పోస్తరని జనం అనేటోళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా వాహెద్ పైకి ఏమీ అనకపోయినా లోపల కడుపు నిండినట్టయ్యేది.

పగటీలి ఒంటిగంట కాంగనే ఇద్దరు దుకాణం వెనుక అర్రల పీటలేసుకొని తినేటోళ్లు. వాహెద్ భార్య లతీఫున్నీసా ఖట్టీ దాల్ పెట్టి పంపిననాడు పర్శరాములు తన డబ్బా మూత సుత తీయకపోయేది. చెల్లె చేతి పప్పు ఉండంగ ఇంకోటెందుకు అంటుండె. అన్నదమ్ములల్ల ఉండని మేలుకలుపు వాళ్లిద్దరి నడుమ ఉండె. అండ్లకు ఇంకొక మనిషి వచ్చి కూసుంటడని వాహెద్ ఎన్నడూ అనుకోలే.

ఆ మనిషి పేరు లింగమూర్తి. మంచినీళ్ల ట్యాంకి కాడ ముప్పై రెండేండ్లు వాల్వులు తిప్పి రిటైరైండు. ఇంట్ల పొద్దుపోక రెండు బంగారు చేపలు సాదుకుంటుండు. వాటికి దాణ కొనుక్కుందామని ఒకనాడు దుకాణానికి వచ్చి, గోడకున్న నాలుగడుగుల తొట్టి ముందట ఆగి చెవి వంచిండు. ఆ తొట్టి మూలకు ఒక పొర్లు పైపు ఉంటది. పైన నిండిన నీళ్లు దానిల పడి, కింద బీరువల ఉన్న సంపు అనే చిన్న తొట్టిల దుంకుతయి. అక్కడ వడపోసుకొని శుభ్రమైనంక పంపు వాటిని మళ్ల పైకి ఎక్కిస్తది. దుంకేటప్పుడు గుడగుడమని ఒక్కటే చప్పుడు. ఆ చప్పుడు దుకాణపోళ్లకు అలవాటై ఏండ్లు గడిచింది.

"మీ పైపు గాలి మింగుతుంది" అన్నడు లింగమూర్తి. గంతే అని దాణ పొట్లం తీసుకొని పోయిండు.

వాహెద్ నవ్వి ఊకున్నడు. పర్శరాములు మాత్రం ఆ మాట మనసుల పెట్టుకున్నడు.

ఆ నెలలనే వాళ్లు ఒక బట్టల షోరూంల ఆరడుగుల తొట్టి పెట్టిన్రు. నీళ్లు నింపి పంపు వేసేసరికి తొట్టి నిండ సన్నటి బుడగలు. ఎల్లిపాయ పొట్టంత చేపలు కనబడుడే కష్టమైంది. సోడ పోసినట్టు నీళ్లు తెల్లగైనయి. చప్పుడైతే బర్రె కుడితి తాగినట్టు. షోరూం ఓనరు వచ్చి గిరాకీలు చీర ధర అడిగితే నాకు వినబడుతలేదని మొకం మీదనే అన్నడు. వాహెద్ నాలుగు దినాలు ఆ తొట్టితోని కొట్లాడిండు. పంపు నోటికి స్పాంజి కట్టిండు. లావు పైపు ఏసిండు. పంపే మార్చిండు. బుడగలు జర తగ్గినట్టే తగ్గి మళ్ల వస్తుండె. అయిదోనాడు సుల్తానాబాద్‌ల వేరే పని ఉండి పొద్దుగాల్నే పోయిండు. పొద్దుగూకేముందు తిరిగొచ్చి షోరూంల అడుగుపెడితే తొట్టి తళతళ మెరుస్తుంది. ఒక్క బుడగ లేదు. చప్పుడు లేదు. కింద సంపు తలుపు తెరుచుకొని, మోకాళ్ల మీద కూసొని పర్శరాములు, లింగమూర్తి చాయ్ తాగుతుండ్రు.

పర్శరాములు సంబురం పట్టలేక అంత చూపిచ్చిండు. నీళ్లు ఖాళీ పైపుల దుంకితే గాలిని ఎంటబెట్టుకొని పోతయట. కింద ఒక వాల్వు పెట్టి జరజర మూసుకుంట వస్తే పైపు నిండ నీళ్లే నిలుస్తయి, గాలికి జాగ దొరకది. పైపు కొసను సంపు నీళ్లల్ల లోతుగ ముంచొద్దు, రెండు వేళ్లంత మునిగితే చాలు, అప్పుడు మిగిలిన బుడగలు అక్కడ్నే పైకి తేలి పగులుతయి. ఇగ సంపుల మూడు అద్దం పలకలు నిలబెట్టిన్రు. నీళ్లు మొదటి దాని మీదికెళ్లి, రెండో దాని కిందికెళ్లి, మళ్ల మూడోదాని మీదికెళ్లి పారాలె. ఆ ఎక్కుడు దిగుడుల బుడగలు వెనుకనే ఉండిపోయి, పంపు కాడికి ఉత్త నీళ్లే చేరుతయి.

"గింతే భాయ్" అన్నడు పర్శరాములు. "మనకు గిన్నేండ్ల సంది తట్టనేలే."

మనకు అన్నడు గని, పైపుల పని ఎవరిదో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. వాహెద్ బాగైంది బాగైంది అన్నడు. చాయ్ ఇస్తే వద్దన్నడు. ఇంటికి పోయేటప్పుడు బండి మీద ఆయనకు ఒక్కటే మాట మెదిలింది. తను నాలుగు దినాలల్ల చెయ్యలేనిది ఆ ముసలాయన ఒక్క పూటల చేసిండు, అదీ తను లేని పూట చూసి చేసిండు.

లింగమూర్తి పూట చూసి చేయలే. పర్శరాములే పోయి పిలుచుకొచ్చిండు. ఆ సంగతి తెలిసినంక వాహెద్‌కు ఇంకా మండింది.

అప్పటి సంది లింగమూర్తి దినాం దుకాణానికి రాబట్టిండు. పర్శరాములు ఆయనను కాకా అని పిలుస్తడు. పైపుల సంగతి ఏదొచ్చినా ముందు కాక దిక్కు చూసి, ఆ తర్వాత వాహెద్ దిక్కు చూస్తడు. పగటీలి మూడో పీట వచ్చింది. ఒకనాడు ఖట్టీ దాల్ డబ్బా తీయంగనే పర్శరాములు సగం గిన్నెల వంపి, "కాకా, జర మా చెల్లె చేతిది తిని చూడు" అని అటు జరిపిండు. లింగమూర్తి తిని మస్తుగుందన్నడు. వాహెద్ ఆ పూట రెండు బుక్కలు తిని చెయ్యి కడుక్కున్నడు. సాయంత్రం ఫోన్ల పర్శరాములు స్టేటస్ చూస్తే కాకతోని దిగిన ఫోటో ఉంది. పద్దెనిమిదేండ్లల్ల వాళ్లిద్దరు కలిసి దిగిన ఫోటో ఒక్కటన్న ఉందా అని వాహెద్ యాది చేసుకున్నడు. ఒకరి బిడ్డ పెండ్లిల గుంపుల దిగింది ఒక్కటుంది. అండ్ల సుత పర్శరాములు మొకం సగమే పడ్డది.

ఒకనాడు ఎవరికీ చెప్పకుండ వాహెద్ ఆ బట్టల షోరూంకు పోయిండు. తొట్టి ఎట్లుందో చూసిపోదామని వచ్చిన అని చెప్పి సంపు ముందట కూసున్నడు. అద్దం పలకలను ఒక్కొక్కటి కండ్లతోని తడిమిండు. ఆయన ఒక బుడగ కోసం దేవులాడుతుండు. ఒక్కటంటే ఒక్క బుడగ పంపు దిక్కు పోతే చాలు. చాలసేపటికి మూలకు ఒకటి కనబడ్డది. వేలు పెట్టి ముట్టుకుంటే అది బుడగ కాదు, గట్టిపడ్డ సిలికాన్ చుక్క. లేచి మోకాళ్లు దులుపుకున్నడు. తన చేత్తోని తాను ఏమి వెతుకుతుండో అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గైంది. సిగ్గైనా మంట తగ్గలే.

భైంసా పని ఆ తర్వాత వచ్చింది. లక్ష్మణ్ సేటుది పత్తి వ్యాపారం. కొత్తగ ఇల్లు కట్టుకున్నడు. ఆయన తల్లి శంకరవ్వకు మోకాళ్ల ఆపరేషనైంది, బయటికి పోరాదు, దినమంత ఒక్క అర్రల కూసొని ఉంటది. ఆమె చూసుకుంట పొద్దుపుచ్చెటందుకు ఆ అర్రల ఎనిమిదడుగుల తొట్టి పెట్టాలె అన్నడు సేటు. ఒకటే షరతు, చప్పుడు రావద్దు. ఆమెది పిట్ట నిద్ర, చీమ నడిచినా లేస్తది. పర్శరాములు ఫోన్ల ఆ షరతు వినుకుంటనే లింగమూర్తి దిక్కు చూసి నవ్విండు. ఆ నవ్వు వాహెద్ చూసిండు.

అద్దాలు చిన్న ట్రక్కుల ఎక్కిచ్చిన్రు. ముందట డ్రైవరు పోంగ ఇద్దరికే జాగ. పెద్దమనిషి కద అని పర్శరాములు లింగమూర్తిని ముందట కూసోపెట్టి తాను పక్కకెక్కిండు. వాహెద్ వెనుక అద్దాల నడుమ బొంత పరుచుకొని కూసున్నడు. జగిత్యాల, మెట్‌పల్లి దాటి నిర్మల్ చేరేదాక అద్దాలు కదలకుండ రెండు చేతులతోని పట్టుకొనే ఉన్నడు. ముందటికెళ్లి నవ్వులు వినబడుతుండె. ఏం మాటలో వినబడకపోయేది.

శంకరవ్వ ఎనబై దాటిన మనిషి. ఆదిలాబాద్ దిక్కు మాట, సగం మరాఠీ కలుస్తది. ముగ్గురిని చూసి "బస్, బస్" అని, కూసోమని కుర్చీలు చూపిచ్చింది. ఎవరిది ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని అడిగింది. రెండు దినాలు ఆమె ముందట్నే పని నడిచింది. పర్శరాములు అద్దాలు అతికి, తొట్టికి రెండు తూట్లు చేసిండు. ఒకటి నీళ్లు దిగెటందుకు, ఒకటి పంపు నుంచి ఎక్కెటందుకు. సంపుల పలకలు నిలబెట్టిండు. వాహెద్ పైపులు బిగిచ్చి, దిగే పైపుకు వాల్వు పెట్టిండు. సిలికాన్ గట్టిపడెదాక వారం ఆగి, మళ్ల వచ్చి పొద్దుమీకి నీళ్లు నింపి పంపు వేసిన్రు. లింగమూర్తి వంగి వాల్వు జరజర మూసుకుంట వచ్చిండు. గుడగుడ తగ్గింది, సన్నబడ్డది, ఆఖరికి ఆగిపోయింది.

అప్పుడే వాహెద్‌కు కనబడ్డది.

ఎనుకట ఆయన పెట్టే పైపులు లావువి. చప్పుడు చేసేవి గని, చెత్త అడ్డం పడ్డా పక్కనుంచి నీళ్లు పోయెటందుకు సందు ఉండేది. ఇప్పుడు వాల్వు మూసినంక పైపుల నీళ్లకు ఎంత జాగ కావాలెనో అంతే ఉంది, ఇంచు ఎక్కువ లేదు. తొట్టిల పెట్టబోయే మొక్కలది ఒక్క ఆకు వచ్చి పైపు మూతికి అతుక్కుంటే కిందికి నీళ్లు దిగవు. పంపుకు ఆ సంగతి తెల్వది, అది ఎక్కిచ్చుడు ఎక్కిస్తనే ఉంటది. సంపుల పంపు గదిల నాలుగు బకెట్ల నీళ్లున్నయి. తొట్టి పైన ఖాళీ ఒక్క బకెట్‌ది. మిగిలిన మూడు బకెట్లు ఎటు పోతయి? నున్నగ పాలీష్ పట్టిన ఆ బండల మీదికే.

దానికి ఉపాయం గూడ ఆయనకు తెలుసు. మూడో తూటు చేసి, మొదటి దానికన్న జర ఎత్తుల ఇంకొక పైపు పెట్టాలె. దానికి వాల్వు ఉండొద్దు. దినాం అది ఖాళీగనే ఉంటది. మొదటి పైపు మూసుకుపోయిననాడు మాత్రం నీళ్లు దానిల నుంచి దిగుతయి. గంట పని. పైపు ముక్క, ఎల్బో ఆయన సంచిలనే ఉన్నయి.

సంచి మీద చెయ్యి పెట్టిండు. అంతల్నే పర్శరాములు వాల్వు దిక్కు మురిపెంగ చూసుకుంట, "కాకా, నీ చేతిల ఏముందో గని" అన్నడు. వాహెద్ సంచి మీది చెయ్యి తీసిండు.

తెల్లారి అంత సదిరి, సేటుకు అప్పజెప్పేముందు పర్శరాములు వాహెద్ కాడికి వచ్చి మెల్లగ అడిగిండు. "భాయ్, అంత బరాబరేనా? ఒక్కసారి నువ్వు చూడు."

"నన్నెందుకు అడుగుతవ్? పెద్దమనిషి ఉన్నడు కద" అన్నడు వాహెద్.

పర్శరాములు ఆయన మొకంల మొకం పెట్టి ఒక క్షణం చూసిండు. అంతల్నే సేటు వచ్చిండు. శంకరవ్వను కుర్చీల కూసోపెట్టి తొట్టి ముందటికి జరిపిన్రు. ఆమె చెవి పెట్టి విని, "నడుస్తలేదా ఏంది?" అని అడిగింది. నడుస్తుందవ్వా అని అందరు నవ్విన్రు. నారింజ రంగు చేపలు, తొట్టిల నాటిన నీటి మొక్కల పొడుగు ఆకుల నడుమ తిరుగుతుంటే ఆమె కండ్లు వాటెంట తిరిగినయి. సేటు లోపలికి పోయి ఒక శాలువ తెచ్చి లింగమూర్తి భుజాల మీద కప్పిండు. పర్శరాములు చప్పట్లు కొట్టిండు. వాహెద్ గూడ కొట్టిండు. కొట్టుకుంట ఆ పొడుగు ఆకుల దిక్కు చూసిండు. ఒక్కటి తెగాలె, ఒక్కటి చాలు అనుకున్నడు. అనుకున్నంక ఆ మాటను వెనుకకు తీసుకోలే.

ఆ తర్వాత పది దినాలు వాహెద్‌కు పానం పానంల లేదు. దుకాణంల ఫోన్ మోగితే ముందు సంబురం, ఆ వెంటనే భయం. ఎవరో దాణ గురించి అడుగుతుంటరు. ఊపిరి వదిలేటోడు. అది ఊరట ఊపిరో, నిరాశ ఊపిరో ఆయనకే తెల్వకపోయేది. ఒక శుక్రవారం నమాజుకు పోయొచ్చి తినుకుంట భార్యతోని చెప్పిండు. లతీఫున్నీసా చేతిల గంటె అట్లనే పట్టుకొని విన్నది. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పుండ్రి అన్నది. ఆకు పడాలెనని ఏముంది, పడకపోవచ్చు కద అన్నడు వాహెద్. పడకపోతే మీకు నచ్చుతదా అని ఆమె అడిగింది. ఆయన ఫోన్ తీసి సేటు పేరు వెతికిండు. చెప్తే ఏమైతది? పర్శరాములు వెంటనే బయలెల్లుతడు, లింగమూర్తి వెంట వస్తడు, ఇద్దరు కలిసి ఆ మూడో పైపు పెడతరు, ఆ పేరు గూడ లింగమూర్తి ఖాతలనే పడుతది. రేపు చేద్దామని ఫోన్ జేబుల పెట్టుకున్నడు. రేపు గూడ గట్లనే అయింది.

పదకొండో దినం పగటీలి తినేటప్పుడు ఫోన్ వచ్చింది. పర్శరాములు ఎడమచేత్తోని ఎత్తిండు. సేటు గొంతు బయటికి వినబడుతుంది. ఇంటోళ్లందరు నిర్మల్‌ల పెండ్లికి పోయిన్రట. శంకరవ్వ కాడ వంటామె ఒక్కతే ఉంది, అదీ వెనుక దొడ్డిల. తొట్టిలకెళ్లి నీళ్లు పొర్లి బండల మీదికి పారినయి. చేపలకు ఏమైందోనని ముసలామె కట్టె పట్టుకొని లేచింది. జారి పడ్డది. కుడిచెయ్యి మణికట్టు విరిగింది.

పర్శరాములు ఫోన్ కింద పెట్టిండు. లింగమూర్తి లేచి నిలబడ్డడు, కూసున్నడు, మళ్ల లేచిండు. వాహెద్ చెయ్యి అన్నంలనే ఉండిపోయింది. ఆయన కోరుకున్నది ఒక ముసలాయన తల వంచుకునుడు. ఆ అర్రల ఇంకొక మనిషి ఉంటదన్న సంగతే ఆయన లెక్కల లేకుండె. మూడు బకెట్ల నీళ్లు లెక్క కట్టిండు గని, వాటి మీద ఎవరు నడుస్తరో లెక్క కట్టలే.

తెల్లారి ముగ్గురు బస్సుల భైంసా చేరిన్రు. శంకరవ్వ అదే కుర్చీల కూసొని ఉంది. చేతికి సిమెంటు పట్టి, మెడకు గుడ్డతోని కట్టుకొని ఉంది. పంపు బందు పెట్టిన తొట్టిల నీళ్లు కదులుతలేవు, చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయి. పొర్లు పైపు మూతికి నాలుగు వేళ్ల పొడుగు ఆకు ఇంకా అతుక్కొనే ఉంది.

సేటు లింగమూర్తిని ముందట నిలబెట్టి తిట్టిండు. శాలువ కప్పిన చేతులతోనే నిన్ను గెదిమేస్తున్న అన్నడు. వయసుకు తగ్గ అకల్ లేదా, ముసలి పానం పోతే ఎవడు తెస్తుండె అన్నడు. పర్శరాములు నడుమ అడ్డం పోబోతే లింగమూర్తే చెయ్యి పట్టి ఆపిండు. "తప్పు నాదే సేటూ. వాల్వు మూసింది నేనే. వీళ్లకు సంబంధం లేదు" అని తల వంచిండు.

నెలల సంది వాహెద్ చూడాలె అనుకున్నది గిదే. ఆ వంగిన తల, దాని మీద తెల్లటి వెంట్రుకలు, అరికాళ్ల కింద గా నున్నటి బండలు. చూస్తే నోరు చేదైంది.

"ఆయనది కాదు" అన్నడు. ఒక అడుగు ముందటికేసిండు. "తప్పు ఆయనది కాదు సేటూ. ఒక్క ఆకు పడితే నీళ్లు పొర్లుతయని నాకు అప్పుడే తెలుసు. ఇంకొక పైపు పెట్టాలెనని తెలుసు. పైపు ముక్క నా సంచిలనే ఉండె. తెలిసే చెప్పలే."

సేటుకు అర్థం కావడానికి జర సేపు పట్టింది. అర్థమైనంక ఆయన మీదికి రాబోతే శంకరవ్వ ఎడమచెయ్యి ఎత్తింది.

"ఎందుకు చెప్పలే బిడ్డా?" అని అడిగింది.

వాహెద్ పర్శరాములు దిక్కు చూడలే. "కండ్లమంటవ్వా" అన్నడు. "నా దోస్తును గుంజుకున్నడని."

ముసలామె సిమెంటు పట్టి దిక్కు చూసుకున్నది. "ఇప్పుడన్న పెట్టు గా పైపు" అన్నది. "చేపలు సస్తయి."

ఇగ పని మీద పడ్డరు. నీళ్లు సగం తీసి, పర్శరాములు మూడో తూటు చేసిండు. ఆ పొద్దంత వాహెద్‌తోని ఒక్క మాట మాట్లాడలే. కావాల్సింది వేలుతోని చూపిచ్చిండు. వాహెద్ పైపు పెట్టి బిగిస్తుంటే బకెట్ పట్టుకొని పక్కన నిలబడ్డ లింగమూర్తి మెల్లగ అన్నడు. "మా ట్యాంకికి గూడ గిసొంటి రెండో పైపు ఉండె భాయ్. కట్టినోళ్లు పెట్టిపోయిన్రు, మేము వాల్వులు తిప్పుకుంట బతికినం. ఇక్కడ నువ్వున్నవ్ కద, గవన్ని నువ్వు చూసుకుంటవనుకున్న."

సేటు తిడితే ఇంత తగలకపోవు. వాహెద్ తల ఎత్తకుండ పైపు తిప్పుకుంటనే ఉన్నడు.

అంత అయినంక నీళ్లు నింపి, వాహెద్ తన చేతి గుడ్డను ముద్ద చేసి మొదటి పైపు మూతిల కుక్కిండు. పంపు వేసిండు. నీళ్లు పైకి పైకి లేచి అంచుకు రెండు వేళ్ల దూరంల ఆగినయి. కొత్త పైపు ఒక్కసారి గడగడమని మొదలుపెట్టింది. ఇల్లు అదిరే చప్పుడు. శంకరవ్వ చెవులు మూసుకుందామని ఒక్క చెయ్యే ఎత్తగలిగింది. ఈ చప్పుడు వస్తే ఆకు పడ్డదని గుర్తు, లేవొద్దవ్వా, కూసున్నకాడికెళ్లే ఎవరినన్న పిలువు అని వాహెద్ ఆమెకు చెప్పిండు. బండ మీద ఒక్క చుక్క పడలే. గుడ్డ తీసినంక ఇల్లు మళ్ల సద్దుమణిగింది.

తిరుగు బస్సుల లింగమూర్తి ముందటి సీట్ల కూసుంటే, పర్శరాములు కిటికీ పక్కకు కూసొని బయటికే చూసిండు. మెట్‌పల్లి దాటినంక గాని నోరు తెరవలే.

"కాక నన్ను గుంజుకపోతడనుకున్నవ్, సరే. నన్ను తిట్టకపోతివా? నాలుగు దినాలు మాట్లాడకపోతివా?" అన్నడు. "నేను అడిగిన కదరా భాయ్. అడిగితే దాచినవ్. ఇగ మల్ల నిన్ను బరాబరేనా అని ఎట్ల అడగాలె నేను?"

వాహెద్ ఒడిలున్న పైపుల సంచిని కాళ్ల కాడికి దించిండు.

ఆ తర్వాత దుకాణం నడిచింది, గని ఎనుకటి లెక్క కాదు. పర్శరాములు వాహెద్ బిగిచ్చిన ప్రతి పైపును తాను ఒకసారి తిప్పి చూడబట్టిండు. ముందు వాహెద్ ముందట్నే చూసేటోడు కాదు, తర్వాత తర్వాత దాచుడు సుత మానేసిండు. పగటీలి తన డబ్బా తానే తింటుండు. లింగమూర్తి రాకడ బంద్ అయింది. మూడో పీట గోడకు ఆనిచ్చి ఉంది. వాహెద్‌కు కావాల్సిన తీరే, మళ్ల ఇద్దరే మిగిలిన్రు. ఇద్దరి నడుమ మాట మాత్రం లేదు. ఫోన్ల ఎవరన్న లింగమూర్తి వస్తడా అని అడిగితే పర్శరాములు ఆయనకు ఒంట్ల బాగలేదని చెప్తుండె.

నెల దాటినంక ఒక పొద్దుగాల వాహెద్ బండి లింగమూర్తి ఇంటి దిక్కు తిప్పిండు. ఎందుకు పోతుండో ఆయనకే సరిగ తెల్వది. ముసలాయన అరుగు మీద కూసొని పేపరు చదువుతుండు. వాహెద్‌ను చూసి లేచి కుర్చీ ఇచ్చిండు. మన్నించమని అడుగుదామని పోయిన వాహెద్‌కు ఆ మాట నోటికి రాలే. పెద్దపల్లిల ఒక పని ఉంది, సంపు కట్టాలె, రాండ్రి అన్నడు. లింగమూర్తి ఆయన మొకం చూసిండు. నీకు మనసుల లేకుంటే నేను రాను అన్నడు. మనసుల ఏముందో నాకే తెల్వది, దుకాణం మాత్రం మొద్దుబారింది, రాండ్రి అన్నడు వాహెద్.

ఇద్దరు ఒక్క బండి మీద దిగంగ చూసి పర్శరాములు అద్దం కోసేది ఆపిండు. మొకం వెలిగింది. "కాకా" అన్నడు. ఆ వెలుగు తనను చూసి వచ్చింది కాదని వాహెద్‌కు తెలుసు. ఎనుకటి మంటనే మళ్ల లేచింది, అంతే గట్టిగ లేచింది. బండి స్టాండు వేసి, ఏమీ కానట్టు లోపలికి పోయి సంచి సదురుకున్నడు.

పెద్దపల్లిల తొట్టి ఒక డాక్టరు ఇంట్ల. మూడు తూట్లతోనే మొదలుపెట్టిన్రు. పైపులు వాహెద్ బిగిచ్చిండు, పర్శరాములు తిప్పి చూసిండు, లింగమూర్తి వాల్వు పట్టిండు. పంపు వేసినంక చప్పుడు లేదు. అయినా తొట్టిల సన్నగ, ఒక్కొక్కటే, బుడగలు వస్తనే ఉన్నయి. పలకల కాడ చూసిన్రు, అక్కడ లేవు. ముగ్గురు వంగి చాలసేపు చూసినంక లింగమూర్తి వేలు పెట్టి చూపిచ్చిండు. సంపు బయట పెట్టిన పంపు నీళ్లు గుంజే దిక్కున పైపు జోడించిన కాడ వెంట్రుకంత సందుంది. అది నీళ్లు కార్చదు, గాలిని లోపలికి గుంజుతది. ఆ జోడు బిగిచ్చింది వాహెద్.

"అది నేను బిగిచ్చిందే. లూజుంది" అన్నడు వాహెద్, పర్శరాములు అడగక ముందే.

ఆ మాట అంటుంటే చెవులు కాలినయి. ముసలాయన కండ్లకు కనబడ్డది తన కండ్లకు కనబడలేదని కాలినయి. పర్శరాములు రెంచి తీసి వాహెద్ చేతిల పెట్టిండు. వాహెద్ పంపు బందు పెట్టి, బొక్కబోర్ల పండుకొని, చెయ్యి లోపలికి పెట్టి జోడు ఊడదీసి, రబ్బరు సదిరి, బలంగొద్ది బిగిచ్చిండు. లేచి పంపు వేసి, అద్దం ముందట నిలబడి చూసిండు. ఇంకో రెండు బుడగలు వచ్చినయి. ఆ తర్వాత రాలే.